షుగర్ గురించి నేర్పడానికి ఎన్ని గంటలు కావాలి

డాక్టర్ చీటీ మీద మందు మోతాదు తప్పకుండా ఉంటుంది. మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, తిండికి ముందా తర్వాతా అన్నీ రాస్తారు. "తీపి తగ్గించండి, రోజూ నడవండి" అనే మాటకు మాత్రం మోతాదు ఉండదు. ఆ మాట ఎంతసేపు చెప్పాలి, ఎన్నిసార్లు చెప్పాలి, ఇంట్లో వంట చేసేవాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలా, పదిహేను రోజుల తర్వాత మళ్లీ పిలిచి అడగాలా అన్నది సాధారణంగా ఎవరూ లెక్కపెట్టరు. ఆ లెక్క ఓపిగ్గా కట్టిన మనిషి షారన్ బ్రౌన్. ఆమె నర్సు, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం నర్సింగ్ విభాగంలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. మెక్సికో సరిహద్దులో ఉన్న ఒక పేద కౌంటీలో (మన జిల్లా లాంటిది), షుగర్ ఉన్న మెక్సికన్ అమెరికన్ల మధ్య ఆమె చేసిన పని నర్సింగ్ పరిశోధన అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా తెలుసుకోదగ్గది.

నర్సు అనగానే మన దగ్గర ఇంజెక్షన్, సెలైన్, వార్డు డ్యూటీ గుర్తొస్తాయి. నర్సింగ్‌లో పీహెచ్‌డీ ఉంటుందనీ, నర్సులు సొంతంగా పరిశోధన నడుపుతారనీ చాలామందికి తెలియదు. అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ కింద నర్సింగ్ పరిశోధన కోసం 1986లో ప్రత్యేక కేంద్రం వచ్చింది. 1993లో దానికి పూర్తి స్థాయి ఇన్‌స్టిట్యూట్ హోదా ఇచ్చారు. మందు ఎలా పనిచేస్తుందన్నది డాక్టర్లూ ఫార్మా కంపెనీలూ చూసుకుంటారు. మందు చీటీ పట్టుకుని ఇంటికెళ్లిన మనిషి ఆ తర్వాత ఏం చేస్తాడన్న ప్రశ్న చాలాకాలం ఎవరిదీ కాకుండా పోయింది. నర్సులు అందుకున్నది దాన్నే. షుగర్ విషయంలో ఇది అసలైన ప్రశ్న కూడా. ఈ జబ్బులో ఏడాదిలో డాక్టర్ ఎదుట గడిపేది మహా అయితే గంటో రెండు గంటలో. మిగతా రోజులన్నీ వైద్యం చేసుకోవాల్సింది రోగే.

స్టార్ కౌంటీ

టెక్సస్ రాష్ట్రం దక్షిణపు కొసన, రియో గ్రాండే నది ఒడ్డున స్టార్ కౌంటీ ఉంది. నదికి అవతల మెక్సికో. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉండేది సుమారు 66 వేల మంది. వందకు 95 మందికి పైగా హిస్పానిక్‌లే (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు), అందులోనూ దాదాపు అందరూ మెక్సికన్ మూలాలున్నవాళ్లు. ఇళ్లలో స్పానిష్ మాట్లాడతారు. అమెరికాలోని అత్యంత పేద కౌంటీల జాబితా ఎప్పుడు తీసినా అందులో ఈ పేరు కనిపిస్తుంది. కొలోనియాలు అని పిలిచే వాడలున్నాయి. స్థలం అమ్మేశారు కానీ నీళ్ల పైపులు, మురుగు కాలువలు, సరైన రోడ్లు వేయకుండా వదిలేసిన చోట్లు అవి. ఖర్చు భరించలేక డాక్టర్ కోసం, మందుల కోసం నది దాటి మెక్సికో వెళ్లొచ్చేవాళ్లు సరిహద్దు పొడవునా ఉన్నారు.

ఇక్కడికి ముందుగా వచ్చింది జన్యు శాస్త్రవేత్తలు. క్రెయిగ్ హానిస్ అనే పరిశోధకుడు 1981లో స్టార్ కౌంటీ కుటుంబాల్లో షుగర్ ఎలా నడుస్తోందో చూడటం మొదలుపెట్టారు. ఆ మొదటి ఫలితాలు 1983లో అచ్చయ్యాయి. 2000లో టైప్ 2 మధుమేహానికి సంబంధం ఉందంటూ కాల్‌పెయిన్ 10 అనే జన్యువును ప్రకటించినప్పుడు అందులో ఈ కౌంటీ కుటుంబాల రక్త నమూనాల పాత్ర పెద్దది. 2013 చివర్లో మెక్సికో, లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లలో మరో జన్యువు బయటపడింది. దాని ప్రమాదకర రూపం అమెరికా ఖండపు మూలవాసుల్లో సగం దాకా కనిపిస్తుంది, యూరోపియన్లలో చాలా అరుదు. అది ఆధునిక మానవులకు నియాండర్తల్ అనే అంతరించిపోయిన మానవ జాతి నుంచి వచ్చి ఉంటుందని తేలడంతో పత్రికల్లో పెద్ద వార్త అయింది.

ఈ జన్యువుల కథ ఆసక్తికరమే. కానీ జన్యువు కనిపెట్టినంత మాత్రాన స్టార్ కౌంటీలోని రియో గ్రాండే సిటీలో ఉండే ఒక పెద్దావిడ షుగర్ తగ్గదు. రక్తం ఇచ్చిన ఊరికి తిరిగి ఏం ఇస్తున్నాం అన్న ప్రశ్న ఇలాంటి ప్రతి పరిశోధన వెనకా ఉండాలి. హానిస్‌తో కలిసి బ్రౌన్ మొదలుపెట్టిన పనిని ఆ ప్రశ్నకు జవాబుగా చూడవచ్చు. అప్పటికే ఆమె 1988లో, 1990లో షుగర్ రోగులకు పాఠాలు చెప్పడం మీద వచ్చిన అధ్యయనాలన్నింటినీ ఒకచోట చేర్చి, వాటి ఫలితాలను కలిపి లెక్కగట్టారు. నేర్పితే ఫలితం ఉంటుందని ఆ లెక్క చెప్పింది. ఆ నేర్పడాన్ని స్పానిష్ మాట్లాడే పేద ఊళ్లో, ఆ ఊరికి తగినట్టు ఎలా చేయాలన్నది ఇంకా తేలాలి. స్టార్ కౌంటీలో ముందు చిన్నగా చేసి చూసి 1995లో ఆ ఫలితాలు ప్రకటించారు. తర్వాత పెద్ద ప్రయోగానికి దిగారు.

ఒక ఏడాది, 52 గంటలు

ఆ ప్రయోగంలో 256 మంది ఉన్నారు. అందరూ 35 నుంచి 70 ఏళ్ల మధ్యవాళ్లు, అందరికీ టైప్ 2 షుగర్ ఉంది. వాళ్లను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు వెంటనే తరగతులు మొదలయ్యాయి. రెండో గుంపు ఏడాది ఆగాలి, ఈలోగా తమ డాక్టర్ల దగ్గరో క్లినిక్‌లోనో మామూలు వైద్యం చేయించుకుంటూ ఉండాలి. పూర్తిగా తరగతులు లేకుండా వదిలేయలేదు, వాళ్ల వంతు ఏడాది తర్వాత వస్తుంది. పేదల మీద ప్రయోగం చేసేటప్పుడు పాటించాల్సిన కనీస మర్యాద ఇది.

మొదటి మూడు నెలలు వారానికోసారి రెండు గంటల చొప్పున పాఠాలు. తిండి, రక్తంలో చక్కెర ఇంట్లోనే చూసుకోవడం, వ్యాయామం, మందులు ఇందులో ఉంటాయి. ఆ తర్వాత పాఠాల స్థానంలో సహాయ బృందాల సమావేశాలు మొదలవుతాయి. ముందు రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి. వాటికి కొత్త పాఠం ఏమీ ఉండనక్కర్లేదు. ఈ రెండు వారాల్లో ఏం జరిగింది, ఎక్కడ తప్పింది, పెళ్లి విందులో ఏం చేశారు, మీటర్‌లో అంకె ఎందుకు పెరిగింది అని మాట్లాడుకునేందుకే. మొత్తం కలిపితే 52 గంటలు.

చెప్పిందెవరు అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. స్పానిష్, ఇంగ్లిష్ రెండూ వచ్చిన మెక్సికన్ అమెరికన్ నర్సులు, డైటీషియన్లు, ఆ ఊరి కార్యకర్తలు. రోగి ఒక్కరే రావడం కాదు, భార్యో భర్తో బిడ్డో స్నేహితుడో ఒకరిని వెంట తెచ్చుకోవాలి. తరగతులు పెద్దాసుపత్రిలో పెట్టలేదు. ఊళ్లో అందరికీ తెలిసిన బడులు, చర్చిలు, క్లినిక్‌ల వంటి చోట్ల పెట్టారు. పాఠాల వీడియోలు కూడా స్టార్ కౌంటీలోనే తీశారు.

ఇందులో ఒక్కొక్కటీ చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ వెనక ఒక ఆలోచన ఉంది. టోర్టియా (మొక్కజొన్న లేదా గోధుమ రొట్టె), బీన్స్ తినే మనిషికి ఓట్స్, ఆలివ్ నూనె జాబితా చేతిలో పెడితే ఆ కాగితం ఇంటికి చేరేలోపే పనికిరాకుండా పోతుంది. ఆ ఇంట్లో వండే వంటనే కొంచెం మార్చి ఎలా తినాలో చూపించాలి. పంది కొవ్వుకు బదులు వేరే నూనె, అదీ తక్కువగా. టోర్టియాలు మానేయమనడం కాదు, ఎన్ని తినొచ్చో చెప్పడం. ఇంటిల్లిపాదికీ వండే ఆవిడకే షుగర్ ఉంటే ఆమెకు విడిగా పథ్యం వండుకోమని చెప్పడం అన్యాయం కూడా. పిల్లలకూ భర్తకూ ఒక వంట, తనకొక వంట చేసుకుంటూ ఎన్నాళ్లు నెట్టుకొస్తుంది? అందుకే ఇంట్లోవాళ్లు పక్కన కూర్చోవాలి.

నమ్మకాల విషయం ఇంకా సున్నితమైనది. మెక్సికన్ అమెరికన్ సమాజంలో ఒక పెద్ద భయమో షాకో తగిలితే షుగర్ వస్తుందనే నమ్మకం ఉంది. నాగజెముడు జాతికి చెందిన నోపాల్ మొక్కను వండుకుని తింటే షుగర్ అదుపులో ఉంటుందనే మాట కూడా ఉంది. ఇన్సులిన్ మొదలుపెడితే కళ్లు పోతాయనే భయం పరిశోధకులకు పదేపదే వినిపించింది. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఇన్సులిన్ చివరి దశలో ఇస్తారు, అప్పటికే జబ్బు ముదిరి చూపు దెబ్బతినే సమయం అయి ఉంటుంది. తండ్రికో అత్తకో అలా జరగడం కళ్లారా చూసినవాళ్లు రెండింటినీ ముడిపెట్టుకుంటారు. "అవన్నీ మూఢనమ్మకాలు" అని కొట్టిపారేస్తే ఆ మనిషి తల ఊపి వెళ్లిపోతుంది, ఇన్సులిన్ మాత్రం తీసుకోదు. బ్రౌన్ బృందం సమాజపు ఆరోగ్య నమ్మకాలను పాఠంలో భాగంగా తీసుకుంది. కూర్చుని, విని, ఆ తర్వాత మాట్లాడాలంటే సమయం కావాలి. 52 గంటలు ఎందుకు అంటే ఇందుకే.

ఫలితాలు 2002లో వచ్చాయి. కొలమానం మూడు నెలల షుగర్ టెస్ట్, అంటే హెచ్‌బీఏ1సీ. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి, వాటికి అంటుకున్న చక్కెరను కొలిస్తే గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. ముందురోజు ఉపవాసం ఉండి టెస్ట్‌కు వచ్చినా దీన్ని మోసం చేయలేరు. ఆరు నెలలకు తరగతులకు వెళ్లిన గుంపు సగటు, వెళ్లని గుంపు సగటు కంటే 1.4 శాతం పాయింట్లు తక్కువ ఉంది. ఏడాది తర్వాత చూసినా వెళ్లిన గుంపే మెరుగ్గా ఉంది. పరగడుపు షుగర్ కూడా తగ్గింది.

1.4 అంటే ఎంత? బ్రిటన్‌లో షుగర్ రోగులను ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనంలో హెచ్‌బీఏ1సీ ఒక పాయింటు తక్కువ ఉన్నవాళ్లలో కళ్లు, కిడ్నీల వంటి చిన్న రక్తనాళాల సమస్యలు 37 శాతం, షుగర్ సంబంధ మరణాలు 21 శాతం తక్కువగా కనిపించాయి. షుగర్ మాత్రల్లో చాలావరకు ఒక్కొక్కటి తగ్గించేది కూడా ఒక పాయింటు అటూ ఇటూనే. అంటే ఇక్కడ మాటలూ, వంటా, తోడు కూర్చున్న మనిషీ కలిసి ఒక మాత్రంత పని చేశాయి.

అయితే అదే పత్రంలో ఇంకో వాక్యం ఉంది, దాన్ని దాటేయకూడదు. అంత తగ్గినా తరగతులకు వెళ్లినవాళ్ల సగటు ఇంకా 10 పైనే ఉంది. చాలామందికి డాక్టర్లు పెట్టే లక్ష్యం 7. అంటే మొదట్లో వాళ్లు ఎంత ప్రమాదకరమైన స్థాయిలో ఉన్నారో అర్థమవుతుంది. చదువుతో పాటు సరైన మందు, సమయానికి ఇన్సులిన్, పరీక్ష స్ట్రిప్స్ కొనుక్కునే స్థోమత, చూపించుకునే డాక్టర్ ఉండాలి. టెక్సస్‌లో ఆరోగ్య బీమా లేనివాళ్ల శాతం అమెరికాలోనే అత్యధికం. పేదలకు ప్రభుత్వ బీమాను విస్తరించే అవకాశం 2014 నుంచి ఉన్నా ఆ రాష్ట్రం ఒప్పుకోలేదు. బ్రౌన్ పనిని పొగిడేవాళ్లు కొందరు దీన్ని "అవగాహన పెంచితే చాలు" అనే వాదనకు వాడుకుంటారు. ఆమె సొంత అంకెలే ఆ వాదనను ఒప్పుకోవు.

సగానికి తగ్గిస్తే ఏమవుతుంది

ఏ పథకానికైనా డబ్బులిచ్చేవాళ్లు మొదట అడిగేది ఇదే: 52 గంటలు నిజంగా అవసరమా, తగ్గించలేమా? బ్రౌన్ బృందం దీన్ని కూడా ప్రయోగంగానే పెట్టింది. ఈసారి 216 మంది. ఒక గుంపుకు పాత పద్ధతిలోనే 52 గంటలు. రెండో గుంపుకు 22 గంటలు: ఎనిమిది వారాలు పాఠాలు, ఆ తర్వాత ఏడాదిలో మూడే సమావేశాలు. 2005లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపుల్లోనూ షుగర్ తగ్గింది, పొట్టి కోర్సు వృథా కాలేదు. కానీ తరగతుల్లో సగమైనా హాజరైనవాళ్లను విడిగా తీసి చూస్తే తేడా బయటపడింది. పొట్టి కోర్సులో ఏడాదికి 0.6 పాయింటు తగ్గితే, పొడుగు కోర్సులో 1.7 పాయింట్లు తగ్గింది. మందుకు మోతాదు ఉన్నట్టే చదువుకూ ఉందని ఆ పత్రం చెప్పింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. క్రమం తప్పకుండా తరగతికి వచ్చేవాళ్లు మొదటి నుంచే కొంచెం శ్రద్ధ ఉన్నవాళ్లై ఉండొచ్చు. కాబట్టి 1.7 మొత్తాన్నీ గంటల ఖాతాలో వేయలేం. అయినా రెండు కోర్సుల్లోనూ సగం పైన హాజరైన శ్రద్ధాపరులనే పోల్చినప్పుడు కూడా ఇంత తేడా రావడం చిన్న విషయం కాదు. వేరే పరిశోధకులు 2002లో ప్రపంచవ్యాప్త ప్రయోగాలను కలిపి లెక్కిస్తే, హెచ్‌బీఏ1సీ ఒక పాయింటు తగ్గడానికి సుమారు 24 గంటల ముఖాముఖి సమయం పడుతుందని తేలింది. రెండు దారుల్లో వెళ్లిన లెక్కలు దగ్గరదగ్గరగానే కలిశాయి.

మరి అమెరికాలో వయసు మళ్లినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే బీమా ఎన్ని గంటలకు డబ్బు కడుతుంది? మొదటి ఏడాది 10 గంటలు, ఆ తర్వాత ఏటా 2 గంటలు. ఆ కొద్దిపాటి గంటలు కూడా జనం వాడుకోవడం లేదు. 2011, 2012 మధ్య ప్రైవేటు బీమా ఉన్నవాళ్లలో కొత్తగా షుగర్ తేలినవాళ్లను చూస్తే, మొదటి ఏడాదిలో ఇలాంటి శిక్షణకు వెళ్లింది 6.8 శాతమే. డాక్టర్ పంపాలి, పగటిపూట సెలవు పెట్టాలి, దూరం వెళ్లాలి, తన భాషలో చెప్పేవాళ్లు దొరకాలి. రోజుకూలీ మీద పొలాల్లో పనిచేసే మనిషికి వీటిలో ఒక్కటి తప్పినా మొత్తం తప్పినట్టే. మాత్రలకు ఎన్ని నెలలైనా బీమా వర్తిస్తుంది, ఒక నర్సు ఎదురుగా కూర్చుని మాట్లాడే గంటలకు మాత్రం లెక్కగట్టి గీత గీస్తారు. ఇదే ఈ వ్యవస్థలోని అసలు లోపం.

హిస్పానిక్ అనే ఒక్క పేరు కింద

స్టార్ కౌంటీలో పనిచేసిన పద్ధతి అమెరికాలోని హిస్పానిక్‌లందరికీ అలాగే సరిపోతుందా? ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. 2008 నుంచి 2011 మధ్య బ్రాంక్స్, షికాగో, మయామీ, శాన్‌డియాగో నగరాల్లో 16 వేలకు పైగా హిస్పానిక్‌లను పరీక్షించారు. మెక్సికన్ మూలాలున్నవాళ్లలో 18.3 శాతం మందికి షుగర్ ఉంటే, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చినవాళ్లలో 10.2 శాతమే. క్యూబన్లలో 13.4, ప్యూర్టోరికన్లలో 18.1. షుగర్ ఉన్నవాళ్లలో తమకు ఆ జబ్బు ఉందని తెలిసింది 59 శాతం మందికే. బీమా ఉన్నది దాదాపు సగం మందికి.

వీళ్లందరూ స్పానిష్ మాట్లాడొచ్చు, కానీ ప్యూర్టోరికన్ ఇంట్లో వంట వేరు, మెక్సికన్ ఇంట్లో వంట వేరు. ఒకరు పుట్టుకతో అమెరికా పౌరులు, ఇంకొకరికి కాగితాలు లేక క్లినిక్‌లో పేరు రాయించుకోవడానికే భయం. బ్రౌన్ చేసిన పనిలో స్పానిష్ కరపత్రం చిన్న భాగం. ఫలానా ఊరి వంట, ఫలానా ఊరి మనుషులు, ఫలానా ఊరి చర్చి అసలు భాగం. ఇంకోచోటికి తీసుకెళ్లాలంటే ఆ పాఠాలను యథాతథంగా కాపీ చేస్తే లాభం లేదు, అక్కడి నర్సులూ కార్యకర్తలూ మళ్లీ మొదటి నుంచి తయారు చేసుకోవాలి. శ్రమ ఎక్కువే. అందుకే ఇలాంటి పథకాలు పరిశోధన నిధులున్నంతకాలం నడిచి, ఆ తర్వాత ఆగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

తెలుగువాళ్లకు దీనితో సంబంధం దూరపుదేమీ కాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం, షికాగోల్లో ఉండే దక్షిణాసియా మూలాలవాళ్ల మీద మసాలా అనే పేరుతో ఒక అధ్యయనం నడుస్తోంది. 2014లో వచ్చిన దాని ఫలితాల్లో దక్షిణాసియావాళ్లలో 23 శాతం మందికి షుగర్ ఉందని తేలింది. అదే పోలికలో లాటినోలది (లాటిన్ అమెరికా మూలాలవాళ్లది) 17, నల్లజాతి అమెరికన్లది 18, తెల్లవాళ్లది 6. అంటే పేదరికం, బీమా లేకపోవడం అనే రెండు కారణాలు చాలావరకు లేని సమాజంలో కూడా షుగర్ లాటినోల కంటే ఎక్కువగా ఉంది. మనవాళ్లకు పెద్దగా లావు లేకపోయినా పొట్ట చుట్టూ, కాలేయంలో కొవ్వు చేరుతుంది. అందుకే అమెరికా డయాబెటిస్ సంఘం 2015 నుంచి ఆసియా మూలాలవాళ్లకు బీఎంఐ (ఎత్తుకు తగ్గట్టు బరువు ఎంతుందో చూపే అంకె) 23కు చేరితే చాలు, షుగర్ పరీక్ష చేయమంటోంది. మిగతావాళ్లకు ఆ గీత 25.

ఇక్కడ మన ఊళ్లలో కూడా షుగర్ పట్నం జబ్బుగా మిగల్లేదు. గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో చేసిన సర్వే 2006లో అచ్చయింది. 30 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 13 శాతం మందికి షుగర్ ఉంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో, తెలంగాణలో పల్లె దవాఖానాల్లో నర్సింగ్ చదివినవాళ్లు పనిచేస్తున్నారు. బీపీ, షుగర్ చూసి మాత్రలు ఇవ్వడం వాళ్ల రోజువారీ పనిలో ఉంది. వాళ్లకు ఆ ఊరి భాష వచ్చు, ఆ ఊరి వంట తెలుసు, ఆశా కార్యకర్త తోడుంది. స్టార్ కౌంటీలో బ్రౌన్ వెతికి వెతికి ఒకచోట చేర్చుకున్నవి ఇక్కడ చాలావరకు ముందే ఉన్నాయి. లేనిది సమయం. స్క్రీనింగ్ టార్గెట్లు, ట్యాబ్‌లో ఎంట్రీలు, రిజిస్టర్లు నింపడంతోనే రోజు గడిచిపోతే, ఒక రోగినీ అతని భార్యనూ కూర్చోబెట్టి అన్నం ఎంత వడ్డించుకోవాలో, తాలింపులో నూనె ఎంత వేయాలో, రెండు వారాల తర్వాత అది ఎలా నడిచిందో మాట్లాడే గంటలు ఏ కాలమ్‌లోనూ రావు. ఎన్ని పరీక్షలు చేశారని అడిగినట్టే ఒక్కో రోగితో ఏడాదిలో ఎన్ని గంటలు మాట్లాడారని కూడా పైఅధికారులు ఆ నర్సును అడగాలి, ఆ గంటలకు తగ్గట్టు మిగతా పని తగ్గించాలి.